మూడు మార్కులు తప్పు తిన్నది, మిగతావి బెంగ తిన్నది: గ్రూప్స్ ప్రిపేరయ్యేవాళ్ళకి మైండ్‌సెట్ గైడ్

కొన్నేళ్ళ కింద ఒక పోటీ పరీక్షలో 68వ ప్రశ్న తర్వాత చూద్దాంలే అని వదిలేసి 69కి వెళ్ళా, ఓఎమ్మార్ షీట్ మీద మాత్రం వదలడం మర్చిపోయా. 69 జవాబు 68 గడిలో, 70 జవాబు 69 గడిలో, 71 జవాబు 70 గడిలో దిద్దుకుంటూ పోయి 72 దగ్గర ఆగి చూసుకుంటే గుండె గుభేల్మంది. బాల్ పెన్ను, చెరిపే పని లేదు. ఇప్పుడు చల్లగా కూర్చుని లెక్కేస్తే పోయింది మూడంటే మూడు మార్కులు. కానీ ఆ రోజు ఏం చేశానంటే మొదటి గడి నుంచి మళ్ళీ ఒక్కొక్కటీ సరిచూడ్డం మొదలెట్టా, అయిపోయాక నమ్మకం కుదరక ఇంకోసారి చూశా, అరచేతి చెమటకి షీట్ అంచు మెత్తబడిపోతుంటే అది చూసి ఇంకో భయం, తలెత్తేసరికి గడియారంలో ఇరవై అయిదు నిమిషాలు ఎగిరిపోయాయి. ఆఖరి ఇరవై రెండు ప్రశ్నలు చదవకుండానే గుడ్డిగా దిద్దా. సాయంత్రం కీ చూస్తే అందులో సగం పైగా నాకు నోటికొచ్చినవే.

అందుకే మైండ్‌సెట్ అని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది పోస్టర్ మీద సింహం బొమ్మ కాదు, ఆ 72వ ప్రశ్నే. అసలు జారకుండా ఉండేవాడు ఎవడూ లేడండి, టాపర్ కూడా జారతాడు. జారినవాడు ఎంతసేపట్లో తిరిగొచ్చి 73వ ప్రశ్న చదువుతున్నాడు అనేదొక్కటే లెక్క. ఇరవై అయిదు నిమిషాలకి వస్తాడా, రెండు నిమిషాలకి వస్తాడా. ఈ గ్యాప్ తగ్గించుకోవడం ప్రాక్టీస్‌తో వస్తుంది, దానికి నేను చేసినవి, నా రీడింగ్ రూమ్‌లో పక్కవాళ్ళు చేస్తుంటే చూసి నేర్చుకున్నవి వరసగా చెప్తా. నేను గ్రూప్స్ భాషలో రాస్తున్నా, డీఎస్సీ వాళ్ళూ బ్యాంక్ వాళ్ళూ పోలీస్ వాళ్ళూ మాటలు మార్చుకుని చదువుకోండి.

1. పది రోజులు జారుడు లెక్క రాయండి

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి. యాప్ వద్దు, యాప్ కోసం ఫోన్ తీస్తే దాని కథ వేరే. చదువు నుంచి మనసు పక్కకి పోయిన ప్రతిసారీ మూడే విషయాలు రాయాలి: ఎన్నింటికి పోయింది, ఎందుకు పోయింది, ఎన్నింటికి తిరిగొచ్చాం. నా పాత నోట్‌బుక్‌లోంచి రెండు లైన్లు ఉన్నవున్నట్టు:

"2:15 – అన్నం తిన్నాక కునుకు – 4కి లేచా. రోజంతా పోయిందని చిరాకు. సాయంత్రం కూడా చదవలా."

"7:30 – ఇంటి నుంచి ఫోన్, పెద్దమ్మ కొడుక్కి బ్యాంకులో జాబ్ వచ్చిందంట – ఇక ఈరోజుకి అంతే."

మొదటి లైన్ చూడండి. కునుకు తినేసింది గంటా నలభై అయిదు నిమిషాలు. నిద్రపోయానే అన్న చిరాకు తిన్నది మొత్తం సాయంత్రం. నేనేమో ఎప్పుడూ కునుకు మీదే యుద్ధం చేసేవాడిని, టీ మీద టీ తాగి. అసలు దొంగ వెనకాల వచ్చేవాడు. పది రోజులు రాస్తే మీ దొంగ ఎవడో మీకే తెలుస్తుంది, కొందరికి ఫోన్, కొందరికి పక్కవాడి స్పీడు, కొందరికి ఒక సబ్జెక్ట్ పేరు వింటేనే కడుపులో తిప్పడం (మా దగ్గర ఎకానమీకి ఈ గౌరవం ఎక్కువ). ఈ పది రోజులూ మారడానికి ట్రై చేయకండి, ఊరికే రాయండి.

2. డేట్‌కి కట్టేసుకున్న తాడు విప్పండి

తెలంగాణ గ్రూప్-2 సంగతి గుర్తుందిగా. 783 పోస్టులు, నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో. పరీక్ష మొదట 2023 ఆగస్టు 29, 30 అన్నారు, తర్వాత నవంబర్ 2, 3కి పోయింది, తర్వాత 2024 జనవరి 6, 7, తర్వాత ఆగస్టు 7, 8, చివరికి జరిగింది 2024 డిసెంబర్ 15, 16న. మొదటి డేట్ నుంచి లెక్కేస్తే దాదాపు పదహారు నెలలు. ఎందుకు, ఏమిటి అనే చర్చ ఇక్కడ నాకొద్దు, వాయిదా కావాలని అడిగినవాళ్ళూ మనలోనే ఉన్నారు, వద్దన్నవాళ్ళూ మనలోనే ఉన్నారు. నేను చూసిందొకటే. గోడ మీద "ఇంకా 41 రోజులు" అని రాసుకుని పరిగెత్తినవాళ్ళు వాయిదా పడిన ప్రతిసారీ ఊరెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి కూర్చోడానికి నెల పట్టేది. రోజు లెక్క మీద బతికేవాళ్ళకి మాత్రం ఆ న్యూస్ వచ్చిన రోజు ఒక్కటే పోయేది, మహా అయితే రెండు.

కాబట్టి గోడ మీద ఆఫీసర్ అవ్వాలని రాసుకోండి, తప్పులేదు, అమ్మ చూసి మురిసిపోతుంది. టేబుల్ మీద పెట్టుకునే కాగితంలో మాత్రం మీ చేతిలో ఉన్నవే ఉండాలి. ఉదాహరణకి: మూడు సిట్టింగులు, అరవై బిట్లు, నిన్నటి తప్పులు ఇంకోసారి. అంతే. కటాఫ్ ఎంతుంటుందో, ఎంతమంది అప్లై చేశారో, కోర్టులో ఏమవుతుందో ఆ కాగితంలోకి రానివ్వొద్దు. ఇంకో ముఖ్యమైన విషయం, దీనికి ఒక "బాగోలేని రోజు" వెర్షన్ కూడా రాసి పెట్టుకోండి: ఒక సిట్టింగ్, ఇరవై బిట్లు. జ్వరం వచ్చినా గొడవ జరిగినా ఇది మాత్రం చేస్తాం. సున్నా రోజు ఒకటి వస్తే పర్లేదు గానీ దాని పక్కనే రెండోది వచ్చి కూర్చుంటే మూడోది పిలవకుండానే వస్తుంది.

3. "ఇలా అయితే, అలా చేస్తా" – మూడు లైన్లు

పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ 1999లో దీని గురించి రాశాడు. "బాగా చదువుతా" అని గట్టిగా అనుకున్నవాళ్ళ కంటే "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా" అని ముందే కట్టి పెట్టుకున్నవాళ్ళు అనుకున్న పని ఎక్కువగా పూర్తి చేస్తున్నారని. ఎందుకంటే మనసు బాగోనప్పుడు ఆలోచించి నిర్ణయం తీసుకునే ఓపిక ఉండదు కదా, నిర్ణయం ముందే అయిపోయి ఉంటే కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి. జారుడు లెక్కలో మీకు దొరికిన పెద్ద దొంగలు ముగ్గురికి మూడు లైన్లు రాయండి. నావి ఇవి:

మధ్యాహ్నం కునుకు ఎక్కువైపోతే, మొహం కడుక్కుని కుర్చీలో కూర్చోకముందే నిలబడే పది బిట్లు చేస్తా.

ఇంటి నుంచి ఫోనొచ్చి మనసు పాడైతే, ఇందిరా పార్క్ దాకా నడిచి తిరిగొచ్చి మ్యాప్ పాయింటింగ్ ఒక్కటే చేస్తా, ఇంకేం ముట్టుకోను.

పక్కవాడు సిలబస్ రెండోసారి అయిపోయిందని చెప్తే, కంగ్రాట్స్ చెప్పి నా కాగితం చూసుకుంటా.

ఇందులో కిటుకు ఏంటంటే తిరిగొచ్చాక చేసే పని తేలికగా ఉండాలి. మనసు బాగోనప్పుడు పాలిటీలో అన్నిటికంటే గడ్డు చాప్టర్ తీస్తే అది మిమ్మల్ని మళ్ళీ బయటికే తోస్తుంది. నాలుగో లైన్ రాయకండి, గుర్తుండవు.

4. ఫోన్

2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో సింధు సిల్వర్ గెలిచాక కోచ్ గోపీచంద్ మీడియాతో ఏమన్నాడో చాలామందికి గుర్తుండే ఉంటుంది: మూడు నెలలుగా ఆ అమ్మాయి చేతిలో ఫోన్ లేదు, ముందు అది తిరిగిస్తా అని. రియోకి వచ్చాక తీపి పెరుగు కూడా ఆపించాడు, ఐస్‌క్రీమ్ కూడా. అంటే ఒలింపిక్ లెవెల్ ప్లేయర్‌కి కూడా ఫోన్ విషయంలో "నువ్వే కంట్రోల్ చేసుకో" అని వదిలేయలేదు, తీసి పక్కన పెట్టేశారు. మనమేమో టేబుల్ మీద బోర్లా పెట్టి సంకల్ప బలంతో గెలుద్దామనుకుంటాం.

మనకి గోపీచంద్ లేడు కాబట్టి రూమ్మేట్‌నే గోపీచంద్ చేసుకోవాలి. పొద్దున ఇచ్చేయడం, రాత్రి ఎనిమిదిన్నరకి తీసుకోవడం. ఇంట్లోవాళ్ళకి రూమ్మేట్ నంబర్ ఇవ్వండి, నిజంగా అర్జెంటైతే వాళ్ళే చేస్తారు. టెలిగ్రామ్ గ్రూపులు రోజుకి ఇరవై నిమిషాలు చాలు, వాయిదా పుకార్లూ కీ గొడవలూ అక్కడే పుట్టి అక్కడే చస్తాయి. ఇక మోటివేషన్ వీడియోల గురించి నా అభిప్రాయం చెప్తే కొందరికి కోపం వస్తుంది గానీ, పది నిమిషాలు రోమాలు నిక్కబొడుచుకుంటాయి, ఏదో చేసేసిన ఫీలింగ్ వస్తుంది, చూస్తే పుస్తకం తెరిచిన పేజీలోనే ఉంటుంది.

5. ప్రెజర్‌ని ముందే రుచి చూడండి

ఈ గైడ్‌లో ఒక్కటే చేయగలం అంటే ఇదొక్కటే చేయండి, మిగతావి వదిలేసినా పర్లేదు.

ముందు చదివే పద్ధతి. పుస్తకం నాలుగోసారి చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, అది కళ్ళకి అలవాటైన ఫీలింగ్ మాత్రమే. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు 2006లో స్టూడెంట్స్ మీద చేసిన ప్రయోగంలో మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్ట్‌లో ముందున్నారు, వారం తర్వాత పెడితే పుస్తకం మూసేసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందున్నారు. మన పరీక్ష అయిదు నిమిషాల్లో ఉండదు కదా. చాప్టర్ అయ్యాక పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయండి. మొదట్లో నాలుగు లైన్లే వచ్చి సిగ్గేస్తుంది. ఆ సిగ్గు ఇంట్లోనే పడితే హాల్లో పడక్కర్లేదు.

తర్వాత మాక్ టెస్ట్. చాలామంది మంచం మీద దిండుకి ఆనుకుని, మధ్యలో టీకి లేచి రాస్తారు, 110 వస్తాయి, సంబరపడతారు. గ్రూప్-2లో ఒక్కో పేపర్ 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకి ఒక్క నిమిషం, చదవడం ఆలోచించడం దిద్దడం అన్నీ అందులోనే. ఆదివారం పొద్దున పదింటి నుంచి పన్నెండున్నర ఒకటి, మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదున్నర ఇంకొకటి, అసలు టైమింగ్స్‌లోనే, అన్నం తిన్న మత్తుతో సహా రాయండి. గట్టి బెంచీ మీద. నిజం ఓఎమ్మార్ షీట్ లాంటిది జిరాక్స్ తీయించి, నిజంగా గళ్ళు నింపుతూ.

ఇప్పుడు అసలు మసాలా. టెస్ట్‌ని కావాలని పాడుచేయాలి. మేం నలుగురం వంతులేసుకున్నాం: ఒకడు మధ్యలో వచ్చి ఏం చెప్పకుండా షీట్ లాక్కుని మూడు నిమిషాలు పక్కన పెట్టేస్తాడు, ఇన్విజిలేటర్ సంతకాలప్పుడు అయ్యేదే అది. ఇంకో వారం మొదటి పదిహేను ప్రశ్నలూ ఎవరికీ రాని చెత్త ప్రశ్నలు పెట్టాం, ఒక్కటి కూడా తెలియకుండా పదిహేను దాటాక పదహారోది ఎలా చదువుతామో చూడ్డానికి. నేనైతే నా పాత గాయం కోసం ఒకసారి కావాలనే ఒక గడి వరస తప్పించి దిద్దుకుని, అక్కడి నుంచి తేరుకోవడం ప్రాక్టీస్ చేశా. పిచ్చిగా ఉంది కదా వింటే. కానీ మూడోసారికి చేతికి చెమట పట్టలేదు.

తేరుకోవడం అంటే ఏం చేయాలో కూడా ముందే ఫిక్స్ అవ్వాలి. నాది ఇదీ: పెన్ను కింద పెడతా. రెండు పాదాలూ నేలకి ఆనుతున్నాయా చూసుకుంటా. ముక్కుతో గాలి పీల్చి, పీల్చిన దానికి రెట్టింపు సేపు మెల్లగా వదులుతా, మూడుసార్లు, వదిలేది లాంగ్‌గా ఉంటే గుండె దడ తగ్గుతుంది. తర్వాత నా పేరు పెట్టి నన్నే పిలుచుకుని మనసులో "ఇప్పుడు 73" అంటా. వేలు ప్రశ్న మీద పెట్టి అక్షరం అక్షరం చదువుతా. మొత్తం నలభై సెకన్లు. "నేను గ్రేట్, నేను సాధిస్తా" లాంటివి ట్రై చేశా, నాకు పని చేయలేదు, ఆ టైంలో మనసు నమ్మదు. నంబర్ చెప్తే నమ్ముతుంది.

టెస్ట్ అయ్యాక మార్కులు చూసి మూసేయకండి. పోయిన ప్రశ్నల్ని మూడు కుప్పలు పోయండి: తెలియక పోయినవి, తొందరలో పోయినవి, తత్తరపాటులో పోయినవి. మూడో కుప్ప పెద్దదైతేనే మీది మైండ్ సమస్య. రెండోది పెద్దదైతే ప్రశ్నలో "కానిది ఏది" కింద గీత గీసే అలవాటు చేసుకోండి, చాలావరకు పోతుంది. మొదటి కుప్పే కొండలా ఉంటే, క్షమించాలి, ఈ గైడ్ పక్కన పెట్టి పుస్తకం తీయండి. మైండ్‌సెట్ బాలేదని బాధపడే చాలామందికి నిజానికి బాలేనిది సిలబస్.

6. ఒళ్ళు

దీని మీద ఎక్కువ లెక్చర్ ఇవ్వను. 1997లో డాసన్, రీడ్ అని ఇద్దరు లెక్క తీశారు, పదిహేడు గంటలు వరసగా మేలుకుని ఉంటే మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి లెవెల్‌కి పడిపోతుంది. మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్ లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పరీక్ష ముందు రాత్రి నైటవుట్ కొట్టి వెళ్ళడమంటే బండి నడిపితే పోలీసులు ఆపే కండిషన్‌లో పేపర్ రాయడమే. టీ, కాఫీ సాయంత్రం అయిదు తర్వాత ఆపేయండి, కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే అయిదారు గంటలు పడుతుంది. రోజూ అరగంట నడక. మెస్‌లో పొద్దున పూరీ ఉన్న రోజు నాలుగు లాగించి వచ్చి పదకొండింటికి నిద్రొస్తోందని మైండ్‌ని తిట్టకండి.

7. "ఇంకా చదువుతూనే ఉన్నావా?"

పెళ్ళిలో, దశదినకర్మలో, బస్టాండులో ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాళ్ళకి మన జవాబుతో పెద్ద పని ఉండదు, వాళ్ళు అప్పడం కోసం చూస్తుంటారు. మనం మాత్రం ఆ ఒక్క మాట వారం రోజులు మోస్తాం. ఒకటే జవాబు తయారు పెట్టుకుని అందరికీ అదే ఇవ్వండి: "అవును మామయ్యా, వచ్చే నోటిఫికేషన్ దాకా చూస్తున్నా, నాన్న ఎలా ఉన్నారో చూశారా, సన్నబడ్డారు కదా." టాపిక్ నాన్న మీదకి పోతుంది.

ఇంట్లోవాళ్ళ విషయం వేరు. వాళ్ళకి కథలు చెప్పకండి, ఎంత ఖర్చవుతుంది, ఎప్పటిదాకా చూస్తారు అని ఒకసారి కూర్చుని లెక్క చెప్పేయండి. నేను మా నాన్నతో ఈ మాట మాట్లాడ్డానికి రెండేళ్ళు భయపడ్డా, మాట్లాడితే పావుగంట పట్టింది, ఆయన అడిగింది కూడా ఒకటే, అన్నం సరిగ్గా తింటున్నావా అని.

8. పరీక్ష రోజు

సెంటర్ ముందు రోజే చూసి రండి, రెండు పెన్నులు, హాల్ టికెట్, ఇవన్నీ మీకు తెలిసినవే. తెలియంది ఒకటి చెప్తా. రామిరెజ్, బైలాక్ 2011లో చేసిన ప్రయోగాల్లో, పరీక్ష ముందు పది నిమిషాలు తమ భయాలన్నీ కాగితం మీద రాసుకున్న స్టూడెంట్స్‌కి, ముఖ్యంగా బాగా కంగారుపడేవాళ్ళకి, మార్కులు మెరుగయ్యాయి. గేటు బయట చెట్టు కింద కూర్చుని బిట్లు తిరగేసే బదులు రాయండి, "మళ్ళీ పోతే అమ్మకి ఏం చెప్పాలి" అని ఉంటే అదే రాయండి, రాసి చింపి పడేయండి.

గెస్ కొట్టాలా వద్దా అనేది హాల్లో తేల్చుకునే విషయం కాదు, ఇంట్లోనే రూల్ పెట్టుకోవాలి. తెలంగాణ గ్రూప్-2లో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు. ఆంధ్ర గ్రూప్-2లో తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా కొడితే సగటున లాభం సున్నా, ఒక తప్పు ఆప్షన్‌ని కొట్టేయగలిగితే ప్రశ్నకి తొమ్మిదో వంతు మార్కు లాభం, రెండు కొట్టేస్తే మూడో వంతు. నా రూల్: రెండు కొట్టేస్తేనే దిద్దుతా. మీ రూల్ వేరేగా ఉండొచ్చు, మధ్యలో మాత్రం మార్చొద్దు.

మొదటి పేపర్ పాడైతే? పేపర్ల మధ్య గ్యాప్‌లో గేటు దగ్గర గుంపులు కట్టి కీ చర్చలు నడుస్తుంటాయి, అటు పోకండి, టిఫిన్ డబ్బా తీసుకుని దూరంగా పొండి. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద ఇండియా 171కి ఆలౌటై, 274 వెనకబడి ఫాలో ఆన్ ఆడింది. మొదటి ఇన్నింగ్స్‌లో 59 కొట్టి ఆఖరి వికెట్‌గా అవుటైన మన లక్ష్మణ్‌ని రెండో ఇన్నింగ్స్‌లో మూడో నంబర్‌లో పంపారు. 281 కొట్టాడు, మ్యాచ్ 171 పరుగులతో మనదే. మొదటి ఇన్నింగ్స్ ఎలా పోయిందో పెవిలియన్‌లో కూర్చుని చర్చించుకోడానికి అతనికి టైమే దొరకలేదు, మనకి లంచ్ గ్యాప్ ఉండటమే మన ఖర్మ.

9. రిజల్ట్ తర్వాత

లిస్ట్‌లో నంబర్ లేకపోతే మూడు రోజులు ఏం చేయకండి. ఏడుపొస్తే ఏడవండి, ఊరెళ్ళండి, పొలం గట్టు మీద కూర్చోండి. నాలుగో రోజు మూడు కుప్పల పద్ధతిలో ఆ పేపర్ విప్పండి. ఆ తర్వాతే కొనసాగాలా ఆపాలా అనే మాట. ఆపడానికి ఒక డేట్ ముందే రాసి పెట్టుకోవడం పిరికితనం కాదు, నా ఫ్రెండ్ ఒకడు ఇన్ని అటెంప్ట్‌లు, ఇంత డబ్బు, తర్వాత బీఈడీ అని డైరీలో రాసుకుని సరిగ్గా అలాగే చేశాడు, మా అందరిలోకీ హాయిగా నిద్రపోయేది వాడే.

ఇంకొకటి. రెండు వారాలుగా నిద్ర లేదు, తిండి సయించట్లేదు, బతకడం ఎందుకు అన్న ఆలోచన వస్తోంది అంటే అది జారడం కాదు, పైన చెప్పిన కిటుకులేవీ దానికి మందు కాదు. టెలీ మానస్ అని గవర్నమెంట్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఫ్రీ, ఏ టైంలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రూమ్మేట్ అలా ఉన్నాడనిపిస్తే వాడి కోసం మీరు చేయండి, వాడు కాదంటాడు, పక్కన కూర్చునే చేయండి.

నా జారుడు నోట్‌బుక్‌లు ఇప్పటికి ఏడయ్యాయి. ఈ గైడ్ రాయడం మొదలుపెట్టిన రోజు లైన్ కూడా ఉంది: "11:20 – సగం రాశాక క్రికెట్ స్కోర్ చూద్దామని – 11:31కి వచ్చా."

పదకొండు నిమిషాలు. ఇంకా ఎక్కువే.